ఏ అకిర?

"అకిరా" అనే పేరుకి అర్థమేమిటని వెతికితే వరసగా వచ్చే జవాబులు ఇవి: ప్రకాశించేవాడు, తెలివైనవాడు, సూర్యచంద్రులు, స్పష్టమైనది, ఉదయకాంతి. కొన్ని చోట్ల "సొగసుతో కూడిన బలం" అనీ, అది సంస్కృత పదమనీ కూడా రాస్తారు. ఈ చివరిదాన్ని ముందే పక్కన పెట్టేద్దాం. సంస్కృత కోశాల్లో దానికి ఆధారం కనబడదు. మిగిలినవి అబద్ధాలు కావు, చిక్కంతా అక్కడే ఉంది. అవి వేరువేరు మనుషుల పేర్ల అర్థాలు. పదిళ్ల నుంచి తలా ఒక కూర తెచ్చి ఒకే గిన్నెలో పోసి, ఇదిగో ఫలానావారింటి కూర అన్నట్టుంటుంది ఆ జాబితా.

జపనీస్ పేరుకి అర్థం శబ్దంలో కొంతే ఉంటుంది. మిగతాది ఆ పేరుని ఏ అక్షరంతో రాశారు, ఏ ఏడాది రాశారు, ఎందుకా అక్షరాన్నే ఎంచుకున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అక్షరం చూడకుండా అర్థం చెప్పేవాళ్లు చెబుతున్నది ఊహ మాత్రమే. ఈ మాట హరుతొకి, యుకికి, హిరొషికి, కజుకొకి, ఇంకా కొన్ని వేల పేర్లకి వర్తిస్తుంది. కానీ అకిరని తీసుకుంటే తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే మనకి తెలియకుండానే మన చుట్టూ అకిరలు చాలామంది ఉన్నారు.

చేతిలో ఉన్న ఫోన్ సంగతి చూడండి. లిథియం అయాన్ బ్యాటరీకి 1985లో పనికొచ్చే నమూనా తయారుచేసి, 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకరు యొషినొ అకిర. కొలెస్ట్రాల్‌కి ఇంటింటా వేసుకుంటున్న స్టాటిన్ మాత్రల వంశానికి మూలపురుషుడు కాంపాక్టిన్ అనే పదార్థం. 1970ల మొదట్లో పెనిసీలియం జాతి బూజు నుంచి దాన్ని వెలికితీసింది ఎందో అకిర. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో కెమిస్టుల నోట నలిగే "సుజుకి కప్లింగ్", అంటే పల్లాడియం ఉత్ప్రేరకంతో, బోరాన్ సమ్మేళనం సాయంతో రెండు కర్బన పరమాణువులను అతికించే పద్ధతి, సుజుకి అకిరది. ఆయనకి నోబెల్ 2010లో వచ్చింది. తెలంగాణ అటవీ శాఖ తన నేలకి తగ్గట్టు మార్చుకుని యాదాద్రి పేరుతో పెంచుతున్న చిట్టడవుల వెనక ఉన్నది మియావాకి అకిర పద్ధతి. 1954 నాటి తొలి గాడ్జిల్లా సినిమాకి సంగీతం కట్టింది ఇఫుకుబె అకిర. డ్రాగన్ బాల్ బొమ్మల కథ గీసింది తొరియమ అకిర. సినిమా దర్శకుడు కురొసవ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాస్తున్నది జపాన్ వరస కనుక. మన వరసా అదే. అలాంటిది ఇంగ్లీషు పత్రికలని చూసి "అకిరా కురొసావా" అని మనం ఎందుకు తిప్పి రాస్తున్నామో తెలియదు. 2020 జనవరి నుంచి జపాన్ ప్రభుత్వం ఇంగ్లీషు పత్రాల్లో కూడా ఇంటిపేరునే ముందు వేస్తోంది.

ఈ ఏడుగురి పేర్లు తెలుగులో రాస్తే ఏడూ ఒకటే. జపనీస్‌లో రాస్తే నాలుగు వేరు పేర్లు. కురొసవ, తొరియమలది ఒక అక్షరం. ఇఫుకుబె, మియావాకిలది ఇంకొకటి. సుజుకి, ఎందోలది మూడోది. యొషినొది నాలుగోది.

జపాన్‌లో ఫోన్‌లో పేరు చెప్పాల్సి వస్తే అక్షరాన్ని మాటల్లోనే వర్ణిస్తారు. ఇక్కడా అదే పద్ధతి పాటిస్తాను.

కురొసవ అకిరది "సూర్యుడి పక్కన చంద్రుడు" ఉన్న అక్షరం. ఎడమవైపు సూర్యుడు, కుడివైపు చంద్రుడు, మొత్తం ఎనిమిది గీతలు. వెలుతురు, స్పష్టత దాని అర్థాలు. బడిపిల్లలకి కూడా సూర్యచంద్రులని చెప్పే నేర్పుతారు. అయితే ఈ అక్షరపు పాత రూపాల్లో కొన్నింటిలో ఎడమవైపు ఉన్నది సూర్యుడు కాదు, కిటికీ. కిటికీలోంచి పడే వెన్నెల అన్నమాట. "అకిర అంటే సూర్యచంద్రులు" అనే వాక్యం ఈ ఒక్క అక్షరం నుంచి పుట్టింది, అదీ దాని ఇప్పటి ఆకారం నుంచి.

మియావాకి అకిరది "షోవా శకపు" అక్షరం. సూర్యుడు, కత్తి, నోరు అని ముక్కలు చెబుతారు, తొమ్మిది గీతలు. వెలుగుతో తేటపడటం అని అర్థం. షోవా శకం, అంటే హిరొహితొ చక్రవర్తి పాలనాకాలం, 1926 డిసెంబర్ 25న మొదలైంది. ఆ శకం పేరుని చైనా ప్రాచీన గ్రంథం షూజింగ్ నుంచి తీశారు: ప్రజలు తేజస్సుతో తేటపడ్డారు, రాజ్యాలన్నీ సామరస్యంతో మెలిగాయి అని భావం వచ్చే రెండు చిన్న పాదాలు. మొదటి పాదంలోంచి ఒక అక్షరం, రెండో పాదంలోంచి ఒకటి. తమాషా ఏమిటంటే, ఆ మొదటి పాదంలో షోవా అక్షరం పక్కనే కురొసవ గారి సూర్యచంద్రుల అక్షరం కూడా ఉంది. రెండు అకిరలు పక్కపక్కన నిలబడి ఉన్నారు, శకానికి అందులో ఒకరే ఎక్కారు. శకం మొదలయ్యాక ఈ అక్షరంతో పిల్లల పేర్లు వెల్లువలా వచ్చాయి. మియావాకి పుట్టింది 1928లో, అంటే షోవా 3వ ఏట. ఆ కాలపు మనిషి పేరులో ఈ అక్షరం ఉంటే అందులో "వెలుగు" కన్నా "కొత్త శకం" ఎక్కువ ఉందనుకోవచ్చు. కానీ దీన్ని సూత్రంగా పట్టుకుంటే దెబ్బతింటాం. ఇఫుకుబె అకిర పుట్టింది 1914లో, షోవా అన్న మాటే లేనప్పుడు. అదే అక్షరం, అదే శబ్దం, కారణం మాత్రం అది కాదు.

సుజుకి, ఎందోలది "వ్యాసం" అనే మాటలో వచ్చే అక్షరం, పదకొండు గీతలు. పుస్తకంలో అధ్యాయాన్ని, సంగీతంలో ఒక భాగాన్ని, చొక్కాకి పెట్టుకునే చిహ్నాన్ని కూడా ఈ అక్షరంతోనే రాస్తారు. పైన "నిలబడు", కింద "తొందరగా" అని పిల్లలు ముక్కలు గుర్తుపెట్టుకుంటారు. పాత కోశకారులు మాత్రం పైన "శబ్దం", కింద "పది" అని విడదీసి, సంగీతంలో ఒక విభాగం ముగియడమని వివరించారు. ఇక్కడ సూర్యుడు లేడు, వెలుగు సూటిగా లేదు. క్రమంగా, అందంగా కూర్చి కంటికి కనబడేలా పెట్టడం అనే భావం నుంచి "స్పష్టం" వరకు వచ్చి అకిర శబ్దాన్ని అందుకుంది. కనుక "సుజుకి గారి పేరుకి అర్థం ప్రకాశం" అంటే అది ఆయన పక్కింటివాడి పేరుకి చెల్లుతుంది, ఆయన పేరుకి కాదు.

యొషినొ అకిరది ఆ పదకొండు గీతల అక్షరానికే కుడిపక్క మూడు ఏటవాలు గీతలు చేర్చింది, మొత్తం పద్నాలుగు. ఆ మూడు గీతలు నగిషీకి, అలంకారానికి గుర్తు. మరుగున ఉన్న మంచిని లోకానికి తెలిసేలా చేయడం అని అర్థం. సత్కారం, ప్రశంసాపత్రం అనే మాటల్లో ఇదే వస్తుంది. బహుమతులు అందుకున్న మనిషికి బాగా నప్పిన అక్షరమే. చేతిరాతలో ఆ మూడు గీతలు మరిచిపోతే యొషినొ గారు సుజుకి గారి పేరున్నవాడైపోతారు.

ఇంతకన్నా ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. ఈ చివరి మూడు అక్షరాలకీ, అంటే శకానిది, వ్యాసానిది, సత్కారానిది, చైనా నుంచి వచ్చిన ఉచ్చారణ ఒకటే: "షో". మూడు సూర్యుళ్లని పేర్చి స్ఫటికమని రాసే ఇంకో అకిర కూడా "షో"నే. అందుకే ఫోన్‌లో "షో అని రాసే అకిర" అంటే అవతలివాళ్లకి ఏమీ తెలియదు. "షోవా శకంలోని షో", "బున్‌షో, అంటే వ్యాసం, అందులోని షో", "హ్యోషో, అంటే సత్కారం, అందులోని షో", "సుయిషో, అంటే స్ఫటికం, అందులోని షో" అని అందరికీ తెలిసిన మాట ఒకటి ఆసరాగా ఇవ్వాలి. కంప్యూటర్‌లో "అకిర" అని కొట్టినా కింద బారెడు వరస వస్తుంది. ముందున్నది సాధారణంగా ఆ యంత్రంలో ఇంతకుముందు వాడినది. చూసుకోకుండా ఎంటర్ నొక్కితే శుభలేఖ మీద వేరే మనిషి పేరు పడుతుంది. జపాన్‌లో దాన్ని అచ్చుతప్పుగా తేలిగ్గా తీసుకోరు. నీ పేరు కూడా సరిగా చూడలేదన్న మాట అది.

మిగిలిన అకిరల్లో కొందరిని త్వరగా చూద్దాం. 2018 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో జపాన్ జట్టు కోచ్ నిషినొ అకిరది చంద్రుడు కుడివైపున్న అక్షరం, కలతలేని, ఉల్లాసమైన అని అర్థం, పైకి చదవడం అనే మాటలో వస్తుంది. సినిమా నటుడు, గాయకుడు కొబయషి అకిరది "తొమ్మిది" అనే అంకె, సూర్యుడు కలిసింది. ఉదయించే సూర్యుడని అర్థం, హొక్కైదోలోని అసహికవ నగరం పేరులో మొదటి అక్షరం ఇదే. కురొసవ తీసిన "రన్"లో పెద్దకొడుకుగా నటించిన తెరఒ అకిరది చెవి ఉన్న అక్షరం. వినికిడి చురుగ్గా ఉండటం, అక్కడి నుంచి వివేకం. "అకిర అంటే తెలివైనవాడు" అన్నది ఈ చెవి అక్షరం నుంచి వచ్చిన మాటే. ఇంకొకటి మూడు రాజ్యాల కాలపు చైనా మంత్రి జూగె లియాంగ్ పేరులోని "లియాంగ్". ఆయనకి మరో పేరు కొంగ్‌మింగ్. పెద్దయ్యాక పెట్టే రెండో పేరు మొదటి పేరు భావానికి దగ్గరగా ఉండాలన్నది ఆనాటి ఆచారం. ఆ "మింగ్" సూర్యచంద్రుల అక్షరమే. అంటే జపాన్‌వాళ్ల లెక్కలో ఆ ఒక్క మంత్రిలో ఇద్దరు అకిరలున్నారు.

ఇన్ని అక్షరాలు ఒకే శబ్దం కిందకి ఎలా వచ్చాయి? శబ్దం జపాన్‌ది, అక్షరాలు చైనావి. "అకిరక" అంటే పాత జపనీస్‌లోనూ ఇప్పటి జపనీస్‌లోనూ స్పష్టమైన, సందేహం లేని అని అర్థం. తెల్లవారడాన్ని చెప్పే "అకెరు", ఎరుపుని చెప్పే "అక" దీనికి చుట్టాలే. చైనా లిపి వచ్చినప్పుడు స్పష్టత, వెలుగు, వివేకం, వెల్లడి అనే భావాలున్న అక్షరాలన్నింటికీ ఈ దేశీ మాటని తగిలించారు. పేర్లలో మాత్రమే పనిచేసే ఇలాంటి ఉచ్చారణలని "ననొరి" అంటారు. కాబట్టి శబ్దానికి అర్థమే లేదనడం కూడా తప్పు. "అకిర" శబ్దం వరకు అర్థం "స్పష్టం". అంతకుమించి ఏం చెప్పాలన్నా అక్షరం కావాలి.

ఇక చట్టం. పేర్ల వెబ్‌సైట్లు ఎప్పుడూ ముట్టుకోని విషయం ఇదే. నిజానికి ఏ అకిర ఎప్పుడు సాధ్యమో తేల్చేది అదే.

1948కి ముందు పిల్లలకి ఏ అక్షరమైనా పెట్టుకోవచ్చు. 1948 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన కుటుంబ నమోదు చట్టం, సామాన్యంగా వాడే తేలికైన అక్షరాలే పెట్టాలంది. అంటే 1946లో ప్రకటించిన 1,850 అక్షరాల పట్టికలో ఉన్నవీ, శబ్దాన్ని మాత్రమే రాసే రెండు కన లిపులు, హిరగన, కటకనలూ. ఆ పట్టిక పేర్ల కోసం చేసింది కాదు, పత్రికలకీ ఆఫీసులకీ చేసింది. దాంతో పేర్లలో బాగా వాడే అక్షరాలు ఎన్నో బయట ఉండిపోయాయి. గొడవ పెరిగి 1951లో పేర్ల కోసమే 92 అక్షరాలు అదనంగా ఇచ్చారు. జూగె లియాంగ్ అకిర, చెవి ఉన్న అకిర, సూర్యుడి కింద కాంతి ఉన్న ఇంకో అకిర ఆ 92లో ఉన్నాయి. అంటే 1948 మొదలు 1951 మే దాకా పుట్టిన బిడ్డకి ఆ మూడింటిలో ఏదీ పెట్టడానికి లేదు. ఉదయసూర్యుడి అకిర ఇంకా ఆలస్యంగా, 1976లో చేరింది. కొబయషి పుట్టింది 1938లో కనుక ఆయనకి ఇబ్బంది లేకపోయింది. ఇరవై ఎనిమిదేళ్ల పాటు కొత్తగా పుట్టినవాళ్లెవరికీ ఆ అక్షరం దొరకలేదు. అక్షరం చూసి మనిషి వయసు అంచనా వేయడం జపాన్‌లో ఊరికే సరదాకి చేసేది కాదు, దాని వెనక ఇలాంటి తేదీలున్నాయి.

తర్వాత పట్టిక పెరుగుతూ పోయింది. 2003 డిసెంబర్‌లో సప్పొరొలోని ఒక కుటుంబం కేసులో సుప్రీంకోర్టు, ఒక అక్షరం సామాన్యమైనదే అని స్పష్టంగా తెలుస్తున్నప్పుడు పట్టికలో లేదన్న కారణంతో ఆఫీసు తిరస్కరించకూడదని తేల్చింది. మరుసటి ఏడాది న్యాయశాఖ 578 కొత్త అక్షరాలు ప్రతిపాదించింది. వాడుక లెక్కలు చూసి ఏరినవి కావడంతో అందులో మలం, శవం, శాపం, క్యాన్సర్ అనే అక్షరాలు కూడా వచ్చిపడ్డాయి. జనం మండిపడ్డారు, అలాంటివన్నీ తీసేసి చివరికి 488 చేర్చారు. 2010లో సవరించిన సామాన్య పట్టికలో 2,136, పేర్లకి ప్రత్యేకించిన పట్టికలో 2017 నాటికి 863. కలిపితే 2,999 అక్షరాలు.

అక్షరాలు పట్టికలో ఉన్నంత మాత్రాన పేరు చెల్లుతుందా అన్నది వేరే తగవు. 1993లో టోక్యో దగ్గరి అకిషిమ నగరంలో ఒక జంట కొడుక్కి "అకుమ", అంటే దెయ్యం అని నమోదు చేయబోయారు. రెండు అక్షరాలూ పట్టికలో ఉన్నవే. నగరపాలిక ఒప్పుకోలేదు, విషయం కుటుంబ న్యాయస్థానానికి వెళ్లింది. దేశమంతా వాదించుకుంది. చివరికి తల్లిదండ్రులు వేరే పేరు పెట్టారు.

ఇంత కట్టడి ఉన్నా, 2025 దాకా అసలు తలుపు తెరిచే ఉండేది. చట్టం అక్షరాలని కట్టేసింది గానీ, వాటిని ఎలా పలకాలో చెప్పలేదు. కుటుంబ రిజిస్టర్‌లో ఉచ్చారణకి గడే ఉండేది కాదు. జనన పత్రంలో రాసేవాళ్లు, నివాస రికార్డులో పని సౌకర్యానికి ఉంచుకునేవాళ్లు, అంతే. కాబట్టి పట్టికలోని ఏ అక్షరానికైనా పక్కన "అకిర" అని రాసుకోగలిగేవాళ్లు. అందుకే అకిర పేరుకి ఇన్ని అర్థాలు అని ఎవరైనా లెక్క చెబితే అనుమానించాలి. లెక్క పెట్టడానికి అటుపక్క గోడ ఉండేది కాదు.

ఆ గోడ 2025 మే 26న లేచింది. సవరించిన చట్టం ప్రకారం ఉచ్చారణ కూడా కుటుంబ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. మూలచిరునామా, అంటే కుటుంబ రిజిస్టర్ ఉండే చోటి పురపాలక కార్యాలయం నుంచి "మా దగ్గర మీ పేరు ఇలా ఉంది" అని కాగితం వస్తుంది. తప్పుంటే ఏడాదిలోపు, అంటే 2026 మే 25లోగా తెలపాలన్నది గడువు. తెలపకపోతే ఆ కాగితంలో ఉన్నదే ఎక్కిస్తారు. రుసుము లేదు, తెలపనందుకు జరిమానా లేదు, డబ్బు అడిగితే అది మోసం. అలా ఆఫీసే ఎక్కించిన ఉచ్చారణని ఒక్కసారి మామూలు దరఖాస్తుతో మార్చుకోవచ్చు. ఆపైన మార్చాలంటే కుటుంబ న్యాయస్థానం అనుమతి కావాలి. కొత్తగా పెట్టే పేర్లకి నియమం: ఆ అక్షరాన్ని అలా చదవడం లోకంలో చెల్లుబాటయ్యేదై ఉండాలి. "ఎత్తు" అనే అక్షరం రాసి "పొట్టి" అని చదవకూడదు. "తరో" అని రాసి "జిరో" అనో "మైకేల్" అనో చదవకూడదు. అకిరలకి దీనివల్ల వచ్చే కష్టమేమీ లేదు. పేర్ల నిఘంటువుల్లో ఉన్న అక్షరాలన్నీ అలాగే చెల్లుతాయి. ఇష్టమొచ్చిన అక్షరాన్ని అకిర అనిపించడం మాత్రం ఇక కుదరదు. ఈ చట్టం మంచిదేనని నా అభిప్రాయం. పేరులో స్వేచ్ఛ తగ్గిందని వాపోయేవాళ్లు, ఆ పేరుతో ప్రతి బడిలో, ప్రతి ఆసుపత్రిలో వివరణ ఇచ్చుకోవాల్సింది పెట్టినవాళ్లు కాదని మరిచిపోతున్నారు.

తిరగేసి చూస్తే ఇంకో సమస్య. అక్షరం చూసినంత మాత్రాన అది అకిర అని తెలియదు. జూగె లియాంగ్ అక్షరం చూస్తే చాలామంది "ర్యో" అంటారు. చెవి అక్షరం చూస్తే "సతొషి" అంటారు. ఉదయసూర్యుడికి "అసహి" ముందు తోస్తుంది. స్ఫటికపు అకిర అబ్బాయో అమ్మాయో కూడా చెప్పలేం. అందుకే జపాన్‌లో ఏ దరఖాస్తు చూసినా పేరు గడి పైన "ఫురిగన" అని, ఉచ్చారణ రాయడానికి సన్నటి గడి ఉంటుంది. ఆ గడిలో కటకన అడిగితే కటకనలో, హిరగన అడిగితే హిరగనలో నింపాలి. ఎవరితోనైనా పరిచయమైతే "దొన్న కంజి దెసు క", అంటే ఏ కంజి (చైనా నుంచి వచ్చిన అక్షరం) అండీ అని అడగడం అమర్యాద కాదు, శ్రద్ధ. పేరుకి అర్థమేమిటని అడగడం కన్నా ఈ ప్రశ్నకే అసలు జవాబు వస్తుంది. చాలామంది వెంటనే ఆ అక్షరం ఎవరు ఎంచారో, ఎందుకు ఎంచారో కూడా చెబుతారు. తాతగారి పేరులోంచి తీసుకున్నామనో, అన్నదమ్ములందరికీ ఒకే అక్షరం వచ్చేలా పెట్టారనో. ఆ జవాబులో నిఘంటువు అర్థం అసలు రాకపోవచ్చు కూడా.

గీతల లెక్కతో జాతకం చూసి అక్షరం ఎంచేవాళ్లూ ఉన్నారు. మన దగ్గర న్యూమరాలజీ కోసం ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఇంకో "ఎ" చేర్చినట్టే, అక్కడ ఎనిమిది గీతల అకిర బదులు తొమ్మిది గీతల అకిర. ఇందులో నవ్వొచ్చే సంగతేమిటంటే, ఒకే అక్షరానికి పాత రూపం, కొత్త రూపం ఉన్నప్పుడు ఏది లెక్కపెట్టాలో ఆ శాస్త్రం వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. కురొసవలోని "సవ" కొత్త రూపంలో ఏడు గీతలు, పాత రూపంలో పదహారు. అలా ఎంచిన అకిరకి అర్థం అడిగితే జవాబు ఒక అంకె.

మన లిపిలో ఈ పేరు ఎలా రాయాలి? జపనీస్‌లో అ, కి, ర మూడూ హ్రస్వాలే. మనం "అకిరా" అనో "అకీరా" అనో రాస్తున్నది రోమన్ లిపిని చూసి. నిజానికి జపనీస్ పేర్లు రాయడానికి తెలుగు లిపి రోమన్ కన్నా ఎంతో మెరుగు. జపనీస్‌లో ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. ఆ తేడా మన లిపిలో పుట్టుకతో ఉంది. చిన్న బయలు అనే ఇంటిపేరు "ఒనొ", పెద్ద బయలు అనే ఇంటిపేరు "ఓనొ". పాస్‌పోర్టులో రోమన్ అక్షరాల్లో మామూలుగా ఇద్దరిదీ ఒకే స్పెల్లింగ్, తేడా కావాలనుకున్న ఓనొ గారు "హెచ్" వేయించుకోవాలి. మనకి ఆ తిప్పలు లేవు. అయినా మనం "ఒసాకా" అని రాస్తాం. అసలు ఊరు "ఓసక". సాగదీయాల్సిన చోట కుదించి, కుదించాల్సిన రెండు చోట్లా సాగదీశాం. "టోక్యో"లో మాత్రం రెండు దీర్ఘాలూ సరిగ్గా కుదిరాయి.

జపాన్‌లో ఉంటున్న తెలుగు దంపతులకి అక్కడ బిడ్డ పుడితే అకిర అని పెట్టుకోవచ్చు, కానీ కంజి ఇంట్లో ముచ్చటకే. తల్లిదండ్రులిద్దరూ విదేశీయులైతే బిడ్డకి కుటుంబ రిజిస్టర్ ఉండదు. జనన పత్రం మాత్రం 14 రోజుల్లోగా స్థానిక కార్యాలయంలో ఇవ్వాల్సిందే. అందులో పేరు కటకనలో, ఇంటిపేరు ముందు పెట్టి రాస్తారు, రోమన్ స్పెల్లింగ్ కూడా ఇస్తారు. 60 రోజులు దాటి ఉండేట్టయితే పుట్టిన 30 రోజుల్లోగా ఇమ్మిగ్రేషన్‌లో నివాస హోదాకి దరఖాస్తు చేయాలి, భారత పాస్‌పోర్టుకి రాయబార కార్యాలయం పని వేరే. నివాస కార్డు మీద పడేది పాస్‌పోర్టులోని రోమన్ అక్షరాలే కనుక, ఆ మూడు చోట్లా ఒకే స్పెల్లింగ్ ఉండేలా మొదటిరోజే తేల్చుకోవాలి. కటకనలో "ర" తర్వాత దీర్ఘపు గీత పెడితే "అకిరా" అవుతుంది. వినేవాళ్లకి అది విదేశీ పేరులా వినిపిస్తుంది, మామూలు అకిర కావాలంటే ఆ గీత పెట్టకండి.

ఇక్కడే ఉండి పిల్లాడికి అకిర అని పెట్టుకున్నవాళ్లు, పేరు వరకు "స్పష్టం" అనే అర్థం నిశ్చింతగా చెప్పుకోవచ్చు. గొలుసు బిళ్ల మీదో చేతి మీదో జపనీస్ అక్షరం వేయించాలనుకుంటే అప్పుడు మాత్రం ఎంపిక తప్పదు. ఇంటర్నెట్‌లో "అకిర, వెలుగు" అని కనబడిన మొదటి బొమ్మని దుకాణంవాడికి ఇస్తే, అది అధ్యాయపు అకిర కావచ్చు. అక్షరం ఖాయం చేసేముందు జపనీస్ చదవగలిగినవాళ్లకి దాన్ని ఒక్కదాన్నే చూపించి, ఏమీ చెప్పకుండా, ఇది పేరైతే ఎలా చదువుతారని అడగండి. సూర్యచంద్రులదో సత్కారానిదో అయితే చాలామంది అకిర అనే అంటారు. "ర్యో" అనో "సతొషి" అనో వస్తే వేరే అక్షరం చూసుకోండి, లేదా కంజి జోలికి పోకుండా కటకనలో మూడు అక్షరాలూ వేయించండి.